ఓరచూపు

చూపుకి నడిమధ్య ఒక మరక.
ఎటు చూస్తే అటు, నాకన్నా ముందే చేరుతుంది.
డండీలో నర్సింగ్, రెండో ఏడు.
తెర మీద మూత్రపిండాన్ని సాగదీసి చదువుతాను;
తోక చేతికొచ్చేసరికి
తల మరిచిపోతాను.
సిరంజి గీతలు చీమలబారు.
భూతద్దం కింద ఒక్కో చీమనీ ఆపి అడుగుతాను
నువ్వెన్నోదానివని.

కాలేజీ ఫారంలో ఒక గడి:
ఈమె వల్ల రోగులకి ప్రమాదమా?
ఆ గడి ఎక్కడుందో
వాళ్ళే వేలుపెట్టి చూపించారు.
సంతకం చేశాను, గీత దాటి.

ఏడో మంచం గెడ్డిస్ తాత
జనపనార మిల్లు హోరుకి
చెవులిచ్చేసి వచ్చినవాడు.
నా పెదాలు చూస్తేగానీ ఆయనకి మాట అందదు.
ఆయన చెవివైపు చూస్తేగానీ
నాకు మొహం అందదు.
ఓరచూపంటే సరసమనుకునేరు!

"ఆ చెవికి చెప్పి లాభం లేదమ్మాయ్,
అది పోయి నలభై ఏళ్ళు."
"చెవికి కాదు. అక్కణ్ణించే మీరు కనిపిస్తారు."

కాసేపు ఆలోచించాడు.
తల కొంచెం తిప్పాడు,
ఇద్దరికీ సరిపడేలా.

మోచేతి మడతలో నరం కోసం
నా వేలు తచ్చాడుతుంటే
"ఎడమది పట్టు," అన్నాడు,
"మిల్లుకి అది అంతగా లొంగలేదు."