అవలేదు

మూడేళ్లుగా అప్రైజల్‌లో ఒకటే వాక్యం:
"కోడ్ బాగుంది. మనిషి మాట్లాడదు."
నా తర్వాత చేరినవాళ్లు ఇద్దరు లీడ్‌లయ్యారు.

మాట్లాడతాను.
"ఆల్మోస్ట్ అయిపోయింది" అంటాను
అవనివాటన్నిటికీ.

తుపాను వెళ్లిన మూడో రోజు
టెక్కలిలో మా వీధి స్తంభం మీద
లైన్‌మన్ కూర్మయ్య.
కింద అందరమూ అరుపులే:
ఏటయ్యా, ఎప్పుడొస్తాది కరెంటు?

పైనుంచి జవాబివ్వలేదతను.
దిగాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.
బాలింత ఉన్న ఇల్లేదో ముందు అడిగాడు.
అప్పుడన్నాడు:
"ఈ రేత్రికి రాదమ్మా, ట్రాన్స్‌ఫార్మరు పోనాది.
రేపు సందేళకి సూస్తాను.
అవకపోతే నానే వొచ్చి సెప్తాను."

ఎవరూ తిట్టలేదు.
ఎవరో మజ్జిగ తెచ్చారు.

మర్నాడు సందేళ వచ్చాడు,
అవలేదని చెప్పడానికే.

సోమవారం కాల్‌లో పదకొండు మొహాలు.
మ్యూట్ తీశాను.
"ఈ వారం అవదు. లెక్క నాదే తప్పింది.
గురువారం చెప్తాను,
అవకపోయినా సెప్తాను."
యాస జారింది. జారనిచ్చాను.

చాలాసేపు ఫ్యాను చప్పుడే.

తర్వాత హైదరాబాదు నుంచి శ్రీవత్స,
ఎన్నడూ తడబడనివాడు,
గొంతు సవరించుకుని
"నాదీ... అవలేదు" అన్నాడు.