మూడో మెషిన్ దగ్గర

డండీలో, చిల్లర వేస్తే తిరిగే మా లాండ్రీ గోడ మీద
ప్రతి శుక్రవారం ఒక కాగితం.
అంటించేది ఇష్బెల్ గెడెస్.
పబ్బు కింద నేలమాళిగలో
పదకొండు మందిని నవ్విస్తుంది,
అందులో ఇద్దరు వాన తగ్గేదాకా కూర్చున్నవాళ్లు.
నవ్వు నాలుగందాల చేటంటారు,
ఆమెకి ఐదోది ఇంటద్దె.

కాగితంలో మూడే సంగతులు:
చదవాల్సిన పుస్తకం, వినాల్సిన నవ్వు,
ఊరికే కళ్లు ఆనించి పోవాల్సినది ఒకటి.

ఒక వారం ఇలా రాసింది:
"దీపస్తంభం కాపలావాడి నూనె పద్దు.
నాలుగు వందల పేజీలు.
పెళ్లాం పోయిన రాత్రి కూడా
ఎంత నూనె కాలిందో రాశాడు.
రెండు డబ్బాలు ఎక్కువ."
దాని కిందే,
"నవ్వు కావాలా, పోస్టాఫీసు క్యూలో చివర నిలబడండి.
టికెట్టు అక్కర్లేదు."
మూడోది, ముల్లంగి విత్తనాల పొట్లం వెనకవైపు.
"ఇంత ఆశతో రాసిన వచనం
ఈ మధ్య నాకు తగల్లేదు."

నేను పుస్తకాల మనిషిని కాదు,
దుప్పట్లు మడతపెట్టే మనిషిని.
సబ్బుపొడి డబ్బా మీది అక్షరాలు
ఈ జన్మకి చాలనుకున్నదాన్ని.
కాగితం ఊడకుండా వేసే టేపు మాత్రం నాదే.

లోగీ వచ్చేది మూడో మెషిన్‌కి.
ఓడల రేవులో రివెట్లు కొట్టి కొట్టి
ఒక చెవి పోయింది,
రెండోది దానికి నచ్చినప్పుడు పనిచేస్తుంది.
వారానికి ఒక్క చొక్కా తెస్తాడు.
ఒక్కదానికి అన్ని నీళ్లా అని నేననను.
గోడ ముందు నిలబడి జేబులు తడుముకుంటాడు.
"కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయా,
కాస్త చదివిపెడతావా?"
ఏడేళ్లుగా ప్రతి శుక్రవారం మర్చిపోయాడు.
ఆ కళ్లద్దాల్ని నేనెన్నడూ చూళ్లేదు.
అడగనూ లేదు.
డ్రయ్యర్ల మోత మీదుగా కేకేసి చదివేదాన్ని.
నవ్వేవాడు,
సరిగ్గా నవ్వకూడని చోట.

ఒకసారి ఇష్బెల్ గుమ్మంలోనే ఆగిపోయింది,
చేతిలో కొత్త కాగితం, గొడుగు నించి నీళ్లు.
నేను పాతదే రెండోసారి చదువుతున్నాను,
ముల్లంగి దగ్గరికొచ్చేసరికి
లోగీ కళ్లు తుడుచుకుంటున్నాడు.
ఆమె ఏమీ అనలేదు.
నోరు అద్దెకిచ్చి బతికే మనిషి
నోరు మెదపకపోవడం చూశాను, అదే మొదలు.
కాగితం మడిచి జేబులో పెట్టుకుని
వానలోకి వెళ్లిపోయింది.

పై వారం కాగితం పొట్టిది:
"పుస్తకం: ఏదైనా సరే, ఎవరైనా చదివిపెడితే.
నవ్వు: మూడో మెషిన్ దగ్గర, శుక్రవారం ఆరింటికి.
మూడోది లేదు. చిల్లర తెచ్చుకోండి."

జనం వచ్చారు.
చేపల కొట్టు యూనా,
రాత్రి డ్యూటీకి పోయే ఇద్దరు నర్సులు,
మాసినవి లేక ఉతికినవే మళ్లీ తెచ్చిన ఒక కుర్రాడు.
ఇష్బెల్ నూనె పద్దు నా చేతిలో పెట్టి
సబ్బు పెట్టె మీద కూర్చుంది.
చదివాను. ఎలా చదివానో అడక్కండి.
ఒక పెద్ద మాట దగ్గర కాలు జారి
మెల్లగా దాన్ని దాటేశాను.
"ఏంటి దాటేశావ్?" అన్నాడు లోగీ.
ఆ చెవి అప్పుడే పనిచెయ్యాలా!

మొన్న శుక్రవారం అతనే ఒక జోకు ఎత్తుకున్నాడు,
రేవులో మేస్త్రీ, ఒక సీగల్, ఒక శాండ్‌విచ్.
సగంలో ముగింపు మర్చిపోయాడు.
అందరం చూస్తున్నాం.
మెషిన్ కూడా తిరగడం ఆపింది.
చేసేదేం లేక తలుపు తీసి
తడి చొక్కా దులిపాడు.
జేబులోంచి ఏదో టంగుమని రాలింది.

కళ్లద్దాలు.
రెండు అద్దాలూ తళతళలాడుతున్నాయి.

వంగి తీసుకున్నాడు, ఊది తుడిచాడు,
తాపీగా ముక్కు మీద పెట్టుకున్నాడు.
గోడ వైపు చూళ్లేదు.
నా వైపు చూశాడు.

"ఊఁ, కానియ్."