జుంబెర్ ఖాతా

మా పొయ్యి నేలలో పాతిన పెద్ద మట్టి కాగు.
దాని అంచు మీద బోర్లా పడి, తల లోపలికి వేలాడేసి,
వేడి గోడకి పిండిని చరిచి పైకి లేవాలి.
ముప్పై ఒక్క ఏళ్ళుగా లేస్తూనే ఉన్నాడు నా మొగుడు.
ఈ చలికాలం మాత్రం
పనికుర్రాడు నడుం పట్టి లాగాల్సి వచ్చింది.
పొట్టకూటి కోసం వంగేవాడికి
పొట్టే అడ్డం.

జెస్తాఫోనిలో డాక్టరమ్మ రెండు దార్లు చెప్పింది.
రొట్టె పూర్తిగా మానెయ్,
లేదా తినే ప్రతిదీ తూచి కేలరీలు రాసుకో.
ఏది నిలబెట్టుకోగలవో అదే మంచిది, అంది.
"రెండూ మంచివే అయితే ఎంచుకోమనడం దేనికి?"
బస్సులో దారంతా గొణిగాడు.

మా తోటికోడలు త్సియూరిది కీటో మతం.
జున్ను, అక్రోట్లు, పంది మాంసం;
పదకొండు కిలోలు తగ్గి పాత గౌను తొడుక్కుంది.
ముల్లుని ముల్లుతో, కొవ్వుని కొవ్వుతో తీయాలంటుంది.
దాని కూతురు మకా ఫోనులో లెక్కేస్తుంది.
ఒక్క ద్రాక్షపండు నోట్లో వేసుకోవాలన్నా
ముందు దాని జాతకం చూస్తుంది.

జుంబెర్ మొదట కీటోకే మొగ్గాడు.
మూడో రోజు తలనొప్పి. ఐదో రోజు నామీద కోపం.
రొట్టెల వాసనలో నిలబడి
ఉడికించిన గుడ్లు ఒలుచుకునేవాడు, ఎవరిమీదో పగలాగ.
నిజం చెప్పాలి, తొమ్మిది రోజుల్లో మూడు కిలోలు పోయాయి.
పొయ్యి అంచుకీ బొడ్డుకీ మధ్య
కాస్త గాలి దూరింది.

పదో రోజు వాన.
బడిపంతులు గీవి ఒక ముక్క కొరికిన రొట్టె తెచ్చి
నా కిటికీ గట్టు మీద పెట్టాడు.
"ఎతెరీ, ఇవాళ సముద్రాన్ని కాల్చారా?"
నోరు కట్టేసుకున్నవాడు ఉప్పెలా చూస్తాడు?
ఆ వాయి నూట నలభై రొట్టెలూ పొరుగువాళ్ళ పందులకే.
పందులు మాత్రం ఒళ్ళు చేశాయి.

ఇక లెక్కల దారి.
పిండిముద్ద జుంబెర్ అరచేతిలో పడితే త్రాసు దండగ,
నాలుగు వందల గ్రాములంటే నాలుగు వందలే.
ఆ చెయ్యే తన కంచం దగ్గర కాకిలెక్కలు చెప్పింది.
జున్ను ముప్పై గ్రాములన్నాడు.
తూచాను. డెబ్బై రెండు.
ఊళ్ళో ఎవరికీ గ్రాము ఎగ్గొట్టని మనిషి
తనకి తాను ఎంత ధారాళంగా తూచుకున్నాడో!
నవ్వొచ్చింది, ఆ తర్వాత ఎందుకో రాలేదు.

పిండి చేతులకి ఫోను పలకలేదు.
అప్పుడు అరువుల పుస్తకం తీశాను.
మెకానిక్ వాలికోకీ, పోస్టాఫీసు లామారాకీ మధ్య
ఖాళీగా ఉన్న పేజీలో పైన రాశాను: జుంబెర్.

రొట్టె మొన, ఒకటి. ఉప్పు చూడ్డానికి.
చిక్కుళ్ళ పులుసు, రెండు గరిటెలు.
వైన్, రెండు గ్లాసులు. (కొట్టేసి, మూడు.)

కేలరీ అంటే నవ్వేవాడు
అప్పు అనేసరికి తల వంచాడు.
రాత్రి తలుపు వేశాక పేజీ తిప్పి,
వేలితో కూడుకుని, ఏమీ అనకుండా
దీపం ఆర్పేవాడు.

రెండు నెలలకి నాలుగు కిలోలు.
త్సియూరి పెదవి విరిచింది.
ఈస్టరు వారం పేజీ తెల్లగా ఉంది.
నేను రాయలేదు, అతను అడగలేదు.

ఇవాళ తెల్లవారుజామున పనికుర్రాడు రాలేదు.
జుంబెర్ ఒక్కడే వంగాడు.
బయట రెండు కాళ్ళు తప్ప మనిషి లేడు.
నేను ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను,
ఒకటి, రెండు, మూడు,
నాలుగు దగ్గర కొంచెం ఆలస్యమైంది.
పైకొచ్చాడు. కనుబొమ్మల మీద చెమట, ముఖం రాగి.

తొలి రొట్టె మొన విరిచి
నా చేతిలో పెట్టాడు.
"ఇది నీ ఖాతాలో రాసుకో."