నాలుగు వేల మాటలు

వాళ్ళ హద్దు నాలుగు వేల మాటలు.
ఆ పైన ఒక్కటి రాసినా చదవరు.
నా వ్యాసం నాలుగు వేల రెండు వందల అరవై కాడ ఆగింది,
రాత్రి రెండున్నరకి,
హాస్టల్ ఫ్యాను కూడా వడగాలే విసురుతుంటే.

విషయం: ఎర్రగుంట్లలో బండల పాలిష్ బురద.
అది ఎండిన మట్టిలో శెనగ మొలుస్తుందా, మొలవదా.
పన్నెండు కుండీలు, ఆరు వారాలు,
మెస్ వెనకాల, ఎలుకలకు భయపడి ఇనుప జాలీ కప్పి.
నాలుగో కుండీ మొలవలేదు.
దాని పక్కవన్నీ మొలిచాయి.
ఎందుకో తెలీదన్నాను.
"తెలీదనే రాయి, అదీ ఫలితమే" అంది ప్రమీలారాణి మేడం.
తెలీదని రాస్తే మార్కులుంటాయన్న మనిషిని
అప్పుడే మొదటిసారి చూడడం.

ఇక కొయ్యాలి.
రంపం కింద నీళ్ళు ఆగకుండా పోయాలంటాడు నాయన,
లేకుంటే బండ వేడెక్కి పగుల్తుంది.
నేను సీసాడు నీళ్ళు తాగుతూ కోశాను.
ముందు విశేషణాలు పోయాయి.
తర్వాత "నిజానికి", "ఏదేమైనా".
ఇంకా నూట పది ఎక్కువున్నాయి.
అప్పుడు ఒక పేరా మొత్తం పోయింది.
ఇక్కడ హద్దు లేదు గనక మళ్ళీ పెడుతున్నాను:

నాయన వేలి కణుపుతో బండ మీద కొట్టి
చెవి ఆనించి వింటాడు.
"ఇది లోపల ఇరిగింది, ఎత్తొద్దు" అంటాడు.
ఎత్తిన రోజున ఇరుగుతుంది.

పక్కన మేడం ఎర్ర సిరాతో రాసింది: ఆధారం?

అదే వారం ఇంకో పీరియడ్లో
తెలుసు అని మనకెలా తెలుసు అనే మాట మీద
పదహారు వందల మాటలు అడిగారు.
ఏసీ గదిలో పద్నాలుగు మందిమి
కుర్చీ ఉందా లేదా అని గంటసేపు కొట్లాడుకున్నాం,
కుర్చీల్లోనే కూచుని.

తెలుగు తీసుకుంది బడి మొత్తానికి నేనొక్కదాన్నే.
చెప్పే సారు లేడు.
నేనే చదివి, నేనే ప్రశ్న వేసుకుని,
బాత్రూం అద్దానికి జవాబు చెప్పుకున్నాను.
రికార్డింగు నాడు, తొమ్మిదో నిమిషంలో,
నీళ్ళ ట్యాంకరు వెనక్కొస్తూ పాట ఎత్తుకుంది.
మళ్ళీ చేయడానికి లేదు.
ఏ దేశంలో కూచుని నా తెలుగు విన్నాడో ఆ మనిషి,
మా ట్యాంకరు పాట కూడా వినుంటాడు.

దిల్షాద్ మొదటి డిసెంబరులోనే వెళ్ళిపోయింది,
ప్రొద్దుటూరులో ఇంటర్ చదువుతానని.
పోతూ అలారం గడియారం నాకిచ్చింది.
అయిదుకు పెడితే నాలుగూ యాభైకే మోగేది.
నేను దాన్ని బాగు చేయించలేదు.

ఆఖరి పరీక్ష మేలో. బయట నలభై నాలుగు డిగ్రీలు.
పెన్నుకు మూత పెట్టాను.
ఏదో జరుగుతుందనుకున్నాను రెండేళ్ళూ.
ఏమీ జరగలేదు.
గేటు కాడ ఒక చెరుకురసం తాగాను.
ఇంకోటి తాగాను.

జూలైలో ఫలితం.
పాలిష్ యూనిట్ కాటా కాడ, ఓబులేసు కంప్యూటర్లో.
"ఒక్క నిమిషం పాపా, లారీ ఉండాది" అన్నాడు.
ఇరవై రెండు టన్నుల మూడు వందల కిలోలు.
తర్వాత నాది:
నలభై ఐదుకు ముప్ఫై మూడు.
వ్యాసానికి బి.
ఫిజిక్సులో ఏడుకు ఆరు, తెలుగులో ఏడుకు ఐదు.
జేజి నవ్వాపుకోలేకపోయింది:
"మన మాట్లో కూడా కోసినారా మే!"

నాయన ఎక్కువా తక్కువా అని అడగలేదు.
చేతుల బూడిద తుడుచుకుంటా
"ఇంగనన్నా నిద్రపోతావామ్మా?" అన్నాడు.

పోయాను.
నాలుగూ యాభైకి మెలకువొచ్చింది,
గడియారం ఇంకా పెట్టెలోనే ఉంది.
చీకట్లో పడుకుని నాలుగో కుండీని తలుచుకున్నాను.
మెస్ వెనకాలే వదిలేసొచ్చాను దాన్ని,
జాలీ తియ్యకుండా.