ముప్పయ్యారులో పదకొండు

తెలావిలో తెల్లవారుజామున
నాజిబ్రోలా రొట్టెల పొయ్యిలోకి దూకుతుంది.
దూకడమే మరి. నిలువునా పాతిన కాగులాంటి పొయ్యి,
నడుందాకా లోపలికి వంగి
సెగలు కక్కే గోడకి పిండి చరిచేటప్పుడు
రెండు కాళ్ళూ నేలని వదిలేస్తాయి.
గాలిలో ఆ కాళ్ళ కోసం
నాలుగు రోజులు కాపు కాశాను.

అంతకుముందు మూడేళ్ళు
ఇంకొకళ్ళ కళ్ళతో ఊళ్ళు తిరిగాను.
మంచులో గోపురం, ముసలాయన ముడతలు,
వాననీటి గుంటలో తలకిందులైన వీధిదీపం.
అన్నీ చక్కగానే వచ్చేవి,
అద్దెకు తెచ్చిన పెళ్ళిబట్టల్లా.
కొలతలు సరిపోతాయి, జేబులో మాత్రం
ఎవరిదో పాత బస్సు టికెట్టు.

నాలుగో రోజు చలికి షట్టర్ బిగుసుకుంది.
మీట నొక్కాను. అది కాసేపు ఆలోచించుకుంది.
టప్‌మనే సరికి
ఆమె పైకొచ్చేసింది, రొట్టె బుట్టలో పడింది,
మెడ తుడుచుకుంటూ ఆమె గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళిపోయింది.
నాకు మిగిలింది
ఇంకా కిందికి దిగని పిండి దుమ్ము,
కాలి నుంచి జారిన ఒక రబ్బరు చెప్పు,
ఊగుతూ ఊగుతూ అంచులు చెదిరిన చెప్పు.
ఛీ, ఒక గడి వృథా అనుకున్నాను.

ట్బిలిసిలో, చుగురేతి సందులో
జుంబేర్ స్నానాల తొట్టిలో రీళ్ళు కడుగుతాడు.
భార్య మేజోళ్ళ పక్కనే నెగటివ్‌లు ఆరేస్తాడు,
అదే తాడు, అవే క్లిప్పులు.
మెచ్చుకుంటాడేమోనని నేను నిలబడి ఉంటే
భూతద్దం ఆనించి లెక్కపెట్టాడు.
"ముప్పయ్యారులో పదకొండు."
ఏమిటి పదకొండు?
ఆవిరి ఇంకా లేస్తున్న టీ గ్లాసు, తాగేవాడు లేడు.
ఎవరో వెళ్ళిపోయాక మూసుకుంటూ ఉన్న తలుపు.
బల్ల మీద మోచేతులు ఆనిన చోట తడి.
ద్రాక్షపందిరికి నిచ్చెన, ఎక్కినవాడు దిగిపోయాడు.
చెప్పు.
"షట్టర్ బాగుచేయించుకో, మంచిదే.
కానీ ఇది పోదు.
ఇది షట్టర్‌ది కాదు."

ఆ రాత్రి పడుకోలేదు.
కెమెరా ఎత్తే ముందు ప్రతిసారీ
నా లోపల ఎవరో గొంతు సవరించుకుంటారు,
"తియ్యొచ్చా అండీ?" అని అడగబోయి
అడగకుండానే ఊరుకుంటారు.
ఆ గొంతు సవరింపు ఎంతసేపో
నా ఆలస్యం అంతసేపు.
దాన్ని లోపం అనుకుని
ఎన్ని లెన్సులు మార్చానో!

తెల్లారి బజారుకి దొరలా వెళ్ళాను,
నా ముద్ర నా చేతికి దొరికిందని.
మనుషులు లేచి వెళ్ళేదాకా ఆగి ఆగి
కుర్చీలు తీశాను, ఎంగిలి గ్లాసులు తీశాను,
గడ్డం గీయించుకున్నవాడు విదిలించిపోయిన తువ్వాలు తీశాను.
ఒకచోటైతే, చెప్పడానికి సిగ్గు,
అక్రోటుకాయలు అమ్మే ఆవిడని
కాస్త పక్కకి జరగమన్నాను.

జుంబేర్ ఈసారి లెక్కపెట్టలేదు.
భూతద్దం బల్ల మీద బోర్లించి,
"వీటిలో నువ్వు ఆలస్యం కాలేదు" అన్నాడు,
"ఆలస్యం కోసం ముందే వచ్చి కూచున్నావు."
డబ్బులు కూడా తీసుకోలేదు.
అది జాలో కోపమో ఇప్పటికీ తెలీదు.

చెప్పు బొమ్మ పెద్దదిగా వేయించి
తెలావికి పట్టుకెళ్ళాను, ఇరుకు వ్యానులో,
పక్కావిడ ఒళ్ళో కోడి దాన్ని పొడవకుండా కాచుకుంటూ.
నాజిబ్రోలా చెయ్యి చాచి దూరం పెట్టి చూసింది,
ముక్కుకి ఆనించి చూసింది.
"నేనేదీ?" అంది.
తర్వాత, "చెప్పు నాదే."
ఇంకాసేపటికి పిండి దుమ్ము మీద వేలు పెట్టి,
"ఇదీ నాదే."
ఉప్పు బస్తా పైన మేకుకి గుచ్చింది.
సెగకి అప్పుడే ఒక మూల ముడుచుకోవడం మొదలైంది.

నా చేతిలో ఒక రొట్టె పెట్టింది,
పట్టుకోలేనంత వేడి, వదల్లేనంత వాసన.
ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటుంటే
ఆమె మళ్ళీ దూకింది.
రెండు కాళ్ళూ గాలిలో,
మడమల పగుళ్ళలో తెల్లగా పిండి,
ఒక బొటనవేలు విడిగా, దేన్నో వింటున్నట్టు.
ఈసారి వేళకే ఉన్నాను.
కెమెరా మెడలో,
చేతుల నిండా రొట్టె.