నిప్పు లేని పొగ

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
నేను జీతం తీసుకునేది పొగకే.

ట్రోమ్సోలో, జనవరిలో,
వెలుతురన్నది పదకొండింటికి వచ్చి
కోటు విప్పకుండానే వెళ్ళిపోయే రోజుల్లో
ఒక ఊరు కట్టాను.
పేరు స్కారవిక్. ఏ పటంలోనూ ఉండదు.
జనాభా మూడు వందల పన్నెండు.
ఒక్కొక్కరికీ ఒక పేరు, పడవతోనో పిల్లితోనో దిగిన ఫొటో,
ఒక కోపం: సున్నా నుంచి ఒకటి దాకా, దశాంశాల్లో.
తప్పుల్లేకుండా తిట్టేవాళ్ళు అరుదు కనక
అక్షరదోషాలూ నేనే నేర్పాను.
కోపం ముదిరేకొద్దీ కామాలు రాలిపోతాయి,
ఆశ్చర్యార్థకాలు మొలుస్తాయి.

ఒకడు కుళాయి నీళ్ళ ఫొటో పెడతాడు, టీ రంగులో.
ఇంకొకడు దాన్ని ఇంకాస్త ముదురు చేస్తాడు.
మూడోవాడి దగ్గరికొచ్చేసరికి అది నెత్తురు.
గోరంత కొండంత కావడానికి పట్టే కాలాన్ని
పదహారు రెట్లు కుదించే మీట
నా చేతిలో ఉంటుంది.

శుక్రవారం నీటి సరఫరా సంస్థ వాళ్ళొచ్చారు, ఆరుగురు.
ప్రకటనలు రాసే ఒడ్వార్ "విచారిస్తున్నాం" అని మొదలెట్టాడు.
బాధపడుతున్నామనా, దర్యాప్తు చేస్తున్నామనా
అని లాయర్ టోరున్ పట్టుకుంది.
తొమ్మిది నిమిషాలు.
నా లెక్కలో రెండు గంటల ఇరవై నాలుగు.
ఈలోగా స్కారవిక్‌లో మేయర్‌ని దిగిపొమ్మన్నారు,
ఒక గొర్రె చచ్చిపోయిందన్నారు,
ఆ గొర్రె ఫొటో ఐస్‌లాండ్‌ది.
అద్దం ఇవతల కాఫీ తాగుతూ
నేను సంతోషించాను. చెప్పడానికి సిగ్గేం?

హల్‌డిస్‌ది మీటర్ల విభాగం.
ఎవరికో జ్వరమొస్తే బదులుగా పంపారు.
పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టింది.
తెర మీద అరుపులు వరదలా పోతుంటే
అడుగున చిక్కుకున్న ఒక మాట దగ్గర
ఆమె వేలు ఆగింది.

రెండు వందల ఏడో నంబరు. గుడ్నీ.
కోపం: సున్నా పాయింట్ సున్నా రెండు.
లెక్క నింపడానికి, రాత్రి రెండింటికి,
ఆవలిస్తూ రాసిన మనిషి.
"నీళ్ళు రంగు మారాయి. చూసుకోకుండా కుక్కకి పోశాను.
ఏమన్నా అవుతుందాండీ?"

హల్‌డిస్ కొట్టింది:
"ఇంక పోయకండి. కంగారు పడకండి.
మా ఇంట్లో రెండు డబ్బాల మంచినీళ్ళున్నాయి.
మీది ఏ వీధి? ఇంటికెళ్తూ ఇచ్చిపోతాను."

బోర్డు మీద ఎర్రగా వెలిగింది:
సమయం వృథా. మైనస్ నాలుగు.
ఆ నియమమూ నేను రాసిందే.

వెతికాను.
తిడితే ఏమవుతుందో రాశాను,
అబద్ధమాడితే, ఆలస్యమైతే, లాయర్ నోరు తెరిస్తే,
మొత్తం పదకొండు వేల వరసలు.
ఎవరైనా నీళ్ళు తెస్తానంటే ఏమవుతుందో
ఎక్కడా లేదు.
గుడ్నీ బొమ్మ పక్కన మూడు చుక్కలు ఆడుతూనే ఉన్నాయి,
ఏదో రాస్తున్నట్టు.
వాటికి ఆగడం నేర్పలేదు నేను.

హల్‌డిస్ కుర్చీ ముందుకు జరుపుకుంది.
లేని మనిషి కోసం, లేదని తెలిసే,
ఎదురు చూస్తోంది.
(తర్వాత అడిగితే అంది:
"తెలుసు. కానీ అడిగింది కదా.")

మీట వదిలేశాను. కాఫీ పక్కన పెట్టాను.
ఆ ఊళ్ళో మొదటిసారి
ఒకరి మాట నా వేళ్ళతో నేనే కొట్టాను:
"ఎర్ర గిడ్డంగి ఎదురుగా రెండో తలుపు.
మెట్ల మీద మంచు గడ్డకట్టింది, జాగ్రత్త.
కుక్క మొరుగుతుంది గానీ కరవదు."

జట్టుకి వందకి అరవై ఒకటి వచ్చాయి.
ఆ మైనస్ నాలుగు ఎవరిదని ఒడ్వార్ అడిగాడు.
హల్‌డిస్ చెయ్యెత్తింది, అదే ఊపులో
బస్సు టైమైందని కోటు తొడుక్కుంది.

సోమవారం బూడో నుంచి ఇంకో జట్టు వస్తోంది.
ఆ మైనస్‌ని తీసెయ్యాలా, ప్లస్ చెయ్యాలా,
రెండు రాత్రులైనా తేలలేదు.
మార్కులిస్తే మార్కుల కోసం నీళ్ళు మోస్తారు.
ప్రస్తుతానికి ఆ వరస ఖాళీగా ఉంచాను.
కుక్కకి మాత్రం పేరు పెట్టాను.