పదిహేను లెక్కపెట్టేలోపు

ఈ ఊళ్లో గాలికి సెలవు లేదు.
జలసంధి మీంచి లేచి
రేకు తలుపుని మోచేత్తో పొడుస్తుంది.
పుంతా అరేనస్ అంతా తిట్టుకునే ఆ గాలినే
నెవెంకా పిలిచి మరీ లోపలికి రానిస్తుంది.
"రెండు తలుపులూ బార్లా తియ్యి కుర్రాడా,
బ్యాటరీ ఊపిరి మన కంటికి ఆనదు,
నిప్పురవ్వకి మాత్రం ఆనుతుంది."

నేను చిలోయ్ దీవి నుంచి దిగి అప్పటికి పదకొండు రోజులు.
గోడన వేలాడే టెస్టర్
నాకంటే ముప్ఫై ఏళ్లు పెద్దది.
బూడిదరంగు రేకు పెట్టె, చిల్లుల వెనక చుట్టలు చుట్టుకున్న తీగ,
పగిలి టేపేసిన అద్దం కింద ముల్లు.
పచ్చ, పసుపు, ఎరుపు వెలిసిపోయి
మూడూ ఒకే ఇంటి పిల్లల్లా ఉన్నాయి.
ఆరు, పన్నెండు అని రాసున్న మరో మీట.
ఆరు వోల్టుల కార్లు ఏనాడో తుక్కైపోయాయి.
"అయినా చూసుకో. మతిమరుపు మీటకి రాదు, మనకొస్తుంది."

పనికి ముందు ఉంగరం తీసి మేకుకి తగిలిస్తుంది.
ఆ వేలి చుట్టూ తెల్లటి మచ్చ, ఉంగరంకంటే వెడల్పు.
రెంచీకీ టెర్మినల్‌కీ మధ్య ఇరుక్కుందట ఒకసారి.
"బంగారం ఎంత త్వరగా ఎర్రబడుతుందో
పెళ్లిలో ఎవ్వరూ చెప్పలేదు."

జులైలో ఒక పొద్దున ఫెర్మిన్ బార్రియా వచ్చాడు,
మూడు రాత్రులు పంపాలో ఆగిపోయిన ట్రక్కు బ్యాటరీని
గొర్రెపిల్లలా చంకనెత్తుకుని.
దాని రెండు పక్కలూ ఉబ్బి ఉన్నాయి.
నెవెంకా మెల్లగా ఒక పక్కకి వంచి చెవి ఒగ్గింది.
లోపల నీళ్ల చప్పుడు లేదు.
"గడ్డకట్టింది. దీనిమీద లోడు వెయ్యను."
"పదిహేను సెకన్లేగా!"
"వెయ్యను."
"పోనీ పొయ్యి పక్కన పెడితే?"
"పెట్టు. నువ్వూ పొయ్యీ ఒకేసారి బయల్దేరతారు."

అతను ఏదో గొణిగాడు, టోపీ నేలకేసి కొట్టాడు,
ఆమె ఇచ్చిన మాతే తాగి గోనెసంచుల మీద నిద్రపోయాడు.
సాయంత్రానికి, ట్రేలో,
మూల పగిలి సన్నటి తడి.
ఆమె గుప్పెడు వంటసోడా జల్లింది,
తడి బుసబుసా పొంగింది.
ఎవరూ ఏమీ అనలేదు.

తుక్కు బస్సులోంచి తీసిన బ్యాటరీ ఒకటుంది.
మీటరు పెడితే పన్నెండున్నర పైనే చూపించింది.
"మేకపోతు గాంభీర్యం," అంది నెవెంకా,
"కూచున్నవాడి బలం కూచున్నంతసేపే.
ఇవాళ నువ్వు చెయ్యి."

కళ్లద్దాలు. చేతొడుగులు.
ఎర్ర క్లాంపు ముందు, నల్లది తర్వాత,
పళ్లు సీసంలో దిగేదాకా అటూ ఇటూ ఊపి.
మొహం పక్కకి తిప్పి లోడు మీట నొక్కిపట్టాను.
పెట్టె గుర్రుమంది, ఏళ్లనాటి దుమ్ము కాలిన వాసన,
చిల్లుల వెనక తీగ కుంకుమరంగుకి తిరిగింది.
వాళ్ల అమ్మమ్మ మోసుకొచ్చిన క్రొయేషియన్ అంకెల్లో
ఆమె లెక్కపెడుతోంది: యెదన్, ద్వా, త్రీ...
ముల్లు జారింది. ఇంకా జారింది.
పదికి కాస్త పైన
కాలు తన్నిపెట్టి నిలబడింది.
పదిహేను!

సంబరంలో నా చెయ్యి క్లాంపు మీదికి పోయింది.
మణికట్టు మీద చెళ్లున పడింది దెబ్బ.
"ముందు మీట! మీట వదిలాకే క్లాంపు.
తిరగేశావో, రవ్వ ఎక్కడ పుడుతుందనుకున్నావ్?
సరిగ్గా దాని ముక్కు దగ్గర."
ఆ ఎర్రటి గుర్తు రెండు రోజులుంది.
మచ్చ కాలేదు. అదే మేలు.

ఫెర్మిన్ బస్సు బ్యాటరీ మోసుకుని
చెడ్డదానికి డబ్బులెందుకివ్వవని వాదిస్తూనే వెళ్లాడు.
ఇటుక మీద పెట్టిన టెస్టర్
టిక్, టిక్ అంటూ చల్లారుతోంది.
పక్కనున్న గుడ్డపీలికని ఆమె కాలితో దూరంగా తోసింది.
తలుపుల్లోంచి గాలి వచ్చి
మేకుకున్న ఉంగరాన్ని కదుపుతోంది.

పెట్టె పూర్తిగా చల్లారేదాకా
దాన్ని వేలికి తొడుక్కోదు.
ఎందుకని నేను అడగలేదు.